ఇచ్చోడ ఎండలో నెట్‌వర్క్ ర్యాక్: చల్లదనం కన్నా ముందు గాలి దారి

ఆదిలాబాద్ నుంచి నిర్మల్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్చోడ ఉంది. ఈ మండల కేంద్రంలో నెట్ లేకుండా పని జరిగే కౌంటరు ఇప్పుడు వెతికినా దొరకదు. బ్యాంకు, మీసేవ, పెట్రోలు బంకు, మందుల దుకాణం, అన్నిటికీ అదే ఆధారం. 2025–26 సీజను నుంచి భారత పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలన్నా రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి. ఇచ్చోడ దాటి నేరడిగొండ వైపు వెళ్తే వచ్చే రోల్‌మామడ టోల్ ప్లాజాలో, 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పటి నుంచి గేటు లేవాలన్నా నెట్ పలకాల్సిందే. ఈ పనులన్నిటి వెనకా ఎక్కడో ఒక గదిలో, గోడకు బిగించిన ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాన్నే ర్యాక్ అంటాం. స్విచ్, రూటర్, ఫైబర్ కనెక్షన్లను పంచే ఓఎల్‌టీ, కెమెరాల రికార్డరు, కింద యూపీఎస్, అన్నీ అందులోనే.

మే నెల వచ్చిందంటే ఆ పెట్టెకు పరీక్ష మొదలు. మధ్యాహ్నం మూడింటికి ‘అన్నా, నెట్ బంద్ అయింది’ అని ఫోన్లు వస్తాయి. పోయి చూస్తే ఫైబర్ తెగలేదు, కరెంటు ఉంది. స్విచ్ మాత్రం వేడికి తనంతట తానే ఆగుతూ, మళ్ళీ లేస్తూ ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గగానే అదే సర్దుకుంటుంది. దాంతో ఎవరూ పట్టించుకోరు. మర్నాడు మళ్ళీ అదే కథ.

దీనికి మందేమిటి అని అడిగితే మూడు జవాబులు వినిపిస్తాయి. ఏసీ పెట్టించమంటాడు అమ్మేవాడు. ర్యాక్ మీద ఫ్యాన్ ఉంది కదా, అదే చాలంటాడు ఆపరేటరు. మా యంత్రం 45 డిగ్రీల దాకా తట్టుకుంటుందని కంపెనీ కాగితం చెబుతుంది. మూడింట్లోనూ కొంత నిజముంది. ఆ నిజం ఎక్కడిదాకా నిలుస్తుందో చూడటమే ఈ సమీక్ష పని.

వేడి ఎక్కడి నుంచి వస్తోంది?

ముందు లెక్క తేల్చుకోవాలి. నెట్‌వర్క్ యంత్రం తీసుకున్న కరెంటంతా దాదాపుగా వేడిగానే మారుతుంది. మండల కేంద్రంలో కేబుల్ ఆపరేటరు వాడే 9 యూ గోడ ర్యాక్‌లో ఒక చిన్న ఓఎల్‌టీ, రెండు స్విచ్‌లు, ఒక రూటరు, రికార్డరు ఉంటే అన్నీ కలిపి 250 వాట్లు అనుకోవచ్చు. యూ అంటే ర్యాక్‌లో ఒక అర, 44.45 మిల్లీమీటర్ల ఎత్తు. ర్యాక్ వెడల్పు దాదాపు ప్రపంచమంతటా 19 అంగుళాలే.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. నెట్ తీగ ద్వారానే కెమెరాలకు, వైఫై పెట్టెలకు కరెంటు పంపే పీఓఈ స్విచ్ 400 వాట్లు లాగుతోందంటే, అదంతా ర్యాక్‌లోనే వేడవుతోందని కాదు. అందులో ఎక్కువ భాగం తీగ చివర ఉన్న కెమెరా దగ్గర ఖర్చవుతుంది. ర్యాక్‌లో మిగిలేది స్విచ్ సొంత వాడకం, దాని పవర్ సప్లైలో పోయే నష్టం. ఈ సంగతి తెలియక మొత్తం వాటేజీని కూడి ఏసీ సైజు తేల్చేవాళ్ళు చాలామంది.

ఇప్పుడు గది సంగతి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పైన కాంక్రీటు శ్లాబు, ఆ పైన ఎండ. ఇన్సులేషన్ లేని శ్లాబు మే నెల మధ్యాహ్నం గదిలోకి దింపే వేడిని మామూలు ఇంజనీరింగ్ సూత్రాలతో లెక్కేస్తే 700–800 వాట్లు దాకా తేలుతుంది. అంటే ర్యాక్‌లో యంత్రాలన్నీ కలిసి పుట్టించేదానికి మూడింతలు. మనం చల్లబరచాల్సిన శత్రువు స్విచ్ అనుకుంటాం. అసలు శత్రువు నెత్తి మీద ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2023–28 కాలానికి రూపొందించిన ఆ విధానం సారం ఒక్కటే, ఎండను వెనక్కి కొట్టే కప్పు వేయండి అని. ఇళ్ళకీ ఆఫీసులకీ చెప్పిన ఆ మాట ర్యాక్ గదికి ఇంకా బాగా వర్తిస్తుంది. డాబా మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయడానికయ్యే ఖర్చు ఏసీ ఖర్చు ముందు చాలా తక్కువ. కరెంటు పోయినా అది పని చేస్తూనే ఉంటుంది. వీలుంటే ర్యాక్‌ను కింది అంతస్తుకు, పడమటి గోడ కాని చోటుకు మార్చడం అంతకన్నా మేలు.

ఎంత వేడి దాకా భయం లేదు?

ప్రపంచంలో అందరూ ఎక్కువగా ఉదహరించేది అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ ఆష్రే మార్గదర్శకాలను. 2004లో వాళ్ళు సూచించిన హద్దు 20–25 డిగ్రీలు. 2008లో దాన్ని 18–27కి పెంచారు. అది మేలైన హద్దు. తట్టుకోగల హద్దు వేరు. ఏ1 తరగతి యంత్రాలకు 32, ఏ2కి 35, 2011లో చేర్చిన ఏ3కి 40, ఏ4కి 45 డిగ్రీలు. టెలికాం రంగం మొదటి నుంచీ మరింత మొండిది. అమెరికా టెలికాం కంపెనీలు పాటించే నెబ్స్ ప్రమాణం ప్రకారం యంత్రం ఎల్లకాలం 5 నుంచి 40 డిగ్రీల మధ్య, కొద్ది రోజులపాటు 50 దాకా పని చేయాలి.

ఈ అంకెలన్నిటిలో చాలామంది చూడకుండా వదిలేసే మాట ఒకటుంది. ఇవి గది ఉష్ణోగ్రతలు కావు. యంత్రం ముఖంలోకి వెళ్ళే గాలి ఉష్ణోగ్రతలు. గది గోడకు తగిలించిన థర్మామీటరు 30 చూపిస్తుండగా, ర్యాక్ పై అరలో ఉన్న స్విచ్ 42 డిగ్రీల గాలి పీల్చుకోవడం ఏమాత్రం అసాధ్యం కాదు. కంపెనీ కాగితంలో ‘45 దాకా’ అని ఉన్నప్పుడు అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఆదిలాబాద్‌లో మే నెల పగటి గరిష్ఠం సగటున 42 డిగ్రీల చుట్టూ ఉంటుంది, కొన్ని రోజులు 45 దాటుతుంది. బయటి గాలే ఆ వేడిలో ఉంటే, తలుపు మూసిన పెట్టెలోని గాలి కాగితం మీది అంకెను దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మరి వేడికి నిజంగా ఏమవుతుంది? ఇక్కడ నిపుణుల్లోనే వాదముంది. ఇంటెల్ సంస్థ 2008లో వెల్లడించిన న్యూ మెక్సికో ప్రయోగంలో సర్వర్లను రెండు సగాలు చేసి ఒక సగాన్ని ఏసీలో, మరో సగాన్ని 32 డిగ్రీల దాకా బయటి గాలితోనే పది నెలలు నడిపారు. యంత్రాల మీద దుమ్ము పేరుకుంది, అయినా బయటి గాలి సగంలో చెడిపోయినవి 4.46 శాతం. అదే చోట ఉన్న ఇంటెల్ ప్రధాన డేటా సెంటర్‌లో 3.83 శాతం. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం కూడా, వేడి ప్రభావం అందరూ అనుకున్నంత లేదనే చెప్పింది. గూగుల్ లాంటి సంస్థలు తమ కేంద్రాలను 27 డిగ్రీల చుట్టూ నడుపుతాయి. కాబట్టి గదిని 18 డిగ్రీల మంచుగడ్డ చేయాలన్న పాత నమ్మకానికి ఆధారం లేదు.

అయితే ఈ అధ్యయనాలను ఇచ్చోడకు ఎత్తుకొచ్చేటప్పుడు రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. వాళ్ళు చెప్పిన వేడి 27, 32 డిగ్రీల వేడి. మనది 45. రెండోది, వాళ్ళు చూసింది సర్వర్లను. మన ర్యాక్‌లో ముందుగా చనిపోయేది బ్యాటరీ. యూపీఎస్‌లోని సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీలకు లెక్కగడతారు. అక్కడి నుంచి ప్రతి ఎనిమిది పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ వాడే లెక్క. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకూ పది డిగ్రీలకు సగం అన్నదే సూత్రం. స్విచ్ బాగానే నడుస్తోంది కదా అనుకుంటూ ఉంటాం. ఐదేళ్ళు రావాల్సిన బ్యాటరీ రెండేళ్ళకే ఉబ్బి ఉంటుంది. బ్యాటరీని ర్యాక్ లోంచి తీసి నేల దగ్గర, నీడ గోడ పక్కన విడిగా పెట్టడం ఖర్చు లేని వైద్యం. పైగా ర్యాక్ వేడి కూడా ఆ మేరకు తగ్గుతుంది.

గాలి దారి

ఈ ప్రశ్న మొత్తానికీ గుండెకాయ ఇదే. కాబట్టి ఒక గోడ ర్యాక్‌ను దగ్గర నుంచి చూద్దాం. ముందు గట్టి అద్దం తలుపు. రెండు పక్కలా చిన్న చీలికలు. పైన కప్పులో నాలుగున్నర అంగుళాల ఫ్యాన్ ఒకటో రెండో. వెనక గోడ. కేబుళ్ళు రావడానికి పైనా కిందా కోసిన కంతలు. తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ర్యాక్ నెత్తి మీదే ఉంటుంది.

లోపల చాలా యంత్రాలు ముందు నుంచి గాలి పీల్చి వెనక్కి వదులుతాయి. ముందేమో అద్దం. అందుకని స్విచ్ వదిలిన వేడిగాలి పక్క సందుల్లోంచి మళ్ళీ ముందుకు వచ్చి, అదే స్విచ్ నోట్లోకి పోతుంది. ఒక్కో చుట్టుకూ కొంచెం వేడి పెరుగుతుంది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కానీ అది లాగేది యంత్రాల మధ్య నుంచి కాదు, పక్కనే ఉన్న కేబుల్ కంత నుంచి. మడికి పెట్టిన నీళ్ళు గట్టుకు గండి దొరికితే పైరు దాకా పోవు. గాలీ అంతే, సులువైన దారి దొరికితే పని ఉన్న చోటికి వెళ్ళదు. ఆ ఆపరేటరు చెప్పిన ‘ఫ్యాన్ ఉంది కదా’ అన్న మాట ఇక్కడే ఓడిపోతుంది. ఫ్యాన్ ఉండటం వేరు, గాలి యంత్రం గుండా పోవడం వేరు.

ఎంత గాలి కావాలన్నది కష్టమైన లెక్కేం కాదు. లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ పది డిగ్రీల తేడా ఉండాలనుకుంటే, ప్రతి 1000 వాట్లకూ గంటకు సుమారు 300 ఘనపు మీటర్ల గాలి కావాలి. దుకాణంలో అడిగే భాషలో, అంటే నిమిషానికి ఘనపుటడుగుల్లో, 176 సీఎఫ్‌ఎం. మన 250 వాట్లకు 44 సీఎఫ్‌ఎం చాలు. అంటే మంచి ఫ్యాన్ ఒక్కటి, గాలి దారి తెరిచి ఉంటే, సరిపోతుంది. దారి మూసి ఉంటే నాలుగు బిగించినా లాభం లేదు.

దారి ఎలా తెరవాలి? మొదట అద్దం తలుపు తీసేయడమో, జల్లెడ తలుపు వేయించడమో చేయాలి. పిల్లలు, ఎలుకలు, బల్లుల భయం ఉన్న చోట జల్లెడే మేలు. తర్వాత ఖాళీ అరలకు ముందు వైపు మూత పలకలు బిగించాలి. వాటినే బ్లాంకింగ్ ప్యానెళ్ళంటారు. అవి అందానికి కాదు, వెనకటి వేడిగాలి ముందుకు రాకుండా ఆపే తలుపులు. డబ్బు మిగుల్చుకుందామని అట్టముక్కలు మాత్రం పెట్టకూడదు, నిప్పంటుకుంటే అదే మొదటి పుల్ల అవుతుంది. పై ఫ్యాన్ దగ్గరి కేబుల్ కంతలను బ్రష్ పట్టీతో మూయాలి. గాలి కిందనో ముందునో లోపలికి వచ్చి, యంత్రాల గుండా వెళ్ళి, పైనుంచి పోవాలి. ఇంకో దారి ఉండకూడదు.

ముందు నుంచి వెనక్కి వెళ్ళని యంత్రాలతో మరో చిక్కు. చిన్న స్విచ్‌లు కొన్ని ఎడమ పక్క పీల్చి కుడి పక్క వదులుతాయి. వాటి పక్క చీలికలకు ఆనించి కేబుళ్ళ కట్టలు బిగిస్తే గొంతు నొక్కినట్టే. పెద్ద స్విచ్‌లలో గాలి దిశ కొనేటప్పుడే ఎంచుకోవాలి. సిస్కో నెక్సస్ రకాల్లో ఫ్యాన్ మీద నీలి గుర్తు ఉంటే గాలి పోర్టుల వైపు నుంచి బయటికి వస్తుంది, ముదురు ఎరుపు ఉంటే పోర్టుల వైపు నుంచి లోపలికి పోతుంది. ఒకే ర్యాక్‌లో ఈ రెండు రంగులు పక్కపక్కన చేరాయంటే ఒకదాని వేడిని మరొకటి తింటోందని అర్థం.

పెద్ద డేటా సెంటర్లు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకున్నాయి. ఐబీఎంలో పని చేసిన రాబర్ట్ సలివన్ 1992లో, ర్యాక్‌లను ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబెట్టి చల్లని సందును, వేడి సందును విడదీయమన్నాడు. ఇవాళ హైదరాబాద్‌లోని పెద్ద కేంద్రాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. ఇచ్చోడలో ఒకే ర్యాక్ ఉన్న గదికి సందులు అక్కర్లేదు. కానీ చల్లగాలి, వేడిగాలి కలవకూడదన్న సూత్రం మాత్రం ఒక్క పెట్టెకూ వర్తిస్తుంది.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చోటు లేదని ర్యాక్‌ను సజ్జ మీదనో కప్పుకు ఆనించో బిగించడం మామూలైపోయింది. మూసిన గదిలో వేడిగాలి పైకి చేరుతుంది. నేలకూ కప్పుకూ నాలుగైదు డిగ్రీల తేడా సహజం. ఆ నాలుగైదు డిగ్రీల కోసమే మనం తర్వాత వేలు పోసి ఏసీ కొంటాం.

ఎగ్జాస్ట్, కూలర్, ఏసీ

దారి సరిచేశాకే చల్లదనం మాట రావాలి. దానికి మూడు సాధనాలు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ అన్నిటికన్నా చవక. ఏడాదిలో ఎక్కువ భాగం ఇదొక్కటే సరిపోతుంది. ఆదిలాబాద్ జిల్లాలో చలికాలపు రాత్రులు పది డిగ్రీల కిందికి జారుతాయి. వానాకాలంలో పగలు కూడా ముప్పై డిగ్రీల చుట్టే. అలాంటప్పుడు ఏసీ నడపడం కరెంటు పారబోయడమే. ఎగ్జాస్ట్ పై మూలన, గాలి వచ్చే జాలీ ఎదుటి గోడకు కింద పెట్టాలి. రెండూ ఒకే వైపు ఉంటే మళ్ళీ గండి కథే. ఇది పని చేయని రోజులు ఏప్రిల్ నడుమ నుంచి జూన్ తొలి వానల దాకా, అదీ ఎండ పూట. బయటి గాలే 44 ఉంటే ఎగ్జాస్ట్ దాన్ని లోపలికి లాక్కొస్తుంది.

రెండోది కూలర్. ఆదిలాబాద్ జిల్లాలో కూలర్ లేని ఇల్లు తక్కువ, కనుక ర్యాక్ గదికి కూడా అదే తెచ్చి పెడతారు. దీని మీద మొహమాటం లేకుండా లెక్క చూడాలి. బయట 45 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ గాలిని 29 డిగ్రీల దాకా దింపగలదు. అది చిన్న సంగతేమీ కాదు. కానీ ఆ గాలిలో తేమ 60 శాతం దాటుతుంది, ఆష్రే తట్టుకోగలవని చెప్పిన అంచుకు చేరుతుంది. తలుపులు మూసి కూలర్ నడిపితే గంటలో ఆ అంచు దాటుతుంది. జూలైలో అయితే గాలిలోనే తేమ నిండి ఉంటుంది, కూలర్ చల్లబరచదు, తడుపుతుంది. బోరు నీళ్ళలోని ఉప్పు చినుకులతో పాటు ఎగిరి సర్క్యూట్ బోర్డుల మీద తెల్లగా పేరుకుంటుంది. 2011లో అమెరికాలోని ప్రైన్‌విల్‌లో ఫేస్‌బుక్ కొత్త డేటా సెంటర్ ఇదే రుచి చూసింది. నియంత్రణ వ్యవస్థ పొరపాటుతో తేమ గాలి మళ్ళీ మళ్ళీ లోపలే తిరిగి, సర్వర్ల పవర్ సప్లైల మీద నీరు చేరి యంత్రాలు చెడిపోయాయి. కోట్ల డాలర్ల కేంద్రంలోనే అలా జరిగితే, సందు గదిలో కూలర్‌ను ర్యాక్ మూతి మీదికి తిప్పి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. తప్పనిసరైతే ఎండిన నెలల్లో, ర్యాక్‌కు దూరంగా, ఎగ్జాస్ట్ తప్పకుండా నడుస్తుండగా మాత్రమే వాడాలి. వాన పడ్డ రోజే కూలర్‌ను గది బయట పెట్టాలి.

మూడోది ఏసీ. యంత్రాల 250 వాట్లు, కప్పు దింపే 800, గోడలు, తలుపు సందులు కలిపి మన గది వేడి ఒకటిన్నర కిలోవాట్లకు మించదు. ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్లు. టన్ను ఏసీ ధారాళంగా చాలు. అయితే ఏసీ సామర్థ్యాన్ని కాగితం మీద రాసేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్కతో. 46 డిగ్రీల ఎండలో అది తగ్గుతుంది. అందుకే కొనేటప్పుడు ఎండ దేశాలకు పరీక్షించిన రకం అడగాలి. బయటి యూనిట్‌ను నీడలో పెట్టాలి. పడమటి గోడకు, మరో యూనిట్ ఊదే వేడికి ఎదురుగా పెట్టకూడదు. లోపలి యూనిట్ ర్యాక్ ముందు వైపుకు ఊదాలి, సరిగ్గా ర్యాక్ నెత్తి మీద మాత్రం ఉండకూడదు. డ్రెయిన్ పైపు మూసుకుపోయిన రోజు నీళ్ళు ఎక్కడ కారతాయో ముందే ఆలోచించాలి.

సెట్టింగు సంగతి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నియమం. ర్యాక్ గదికి 26 పెట్టినా నష్టం లేదు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఆ సంస్థే చెబుతోంది. 18లో పెట్టి, చలికి తట్టుకోలేక తలుపు తీసి ఉంచే గదులు కూడా లేకపోలేదు.

కరెంటు పోయిన తర్వాత

పట్నంలో రాసిన పుస్తకాలు పెద్దగా పట్టించుకోనిది, ఇచ్చోడలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కరెంటు పోతే స్విచ్, ఓఎల్‌టీ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి. ఏసీ ఆగిపోతుంది. పై ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, ఎందుకంటే దాన్ని చాలామంది మామూలు ప్లగ్గుకే పెడతారు. అంటే వేడి పుట్టించేవి నడుస్తాయి, వేడి తీసేవి ఆగుతాయి. పదడుగుల గదిలో ఉన్న గాలి మొత్తానికి 250 వాట్ల వేడి ఇరవై నిమిషాలు తగిలితే, గోడలు ఏమీ పీల్చుకోకపోతే, తొమ్మిది డిగ్రీలు పెరుగుతుంది. మామూలు రోజుల్లో గోడలు కొంత పీల్చుకుంటాయి. మే నెల సాయంత్రం గోడలే వేడెక్కి ఉంటాయి కనుక ఆ సాయం దొరకదు. మూసిన ర్యాక్ లోపల పెరుగుదల ఇంకా వేగం.

తర్వాత కరెంటు వస్తుంది. ఏసీ మాత్రం తనంతట తాను మొదలవ్వదు, ఆటో రీస్టార్ట్ లేని రకమైతే. రాత్రి పదకొండుకు పోయి పన్నెండుకు వచ్చిన కరెంటు సంగతి పొద్దున షట్టర్ తీసేదాకా ఎవరికీ తెలియదు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ర్యాక్ ఫ్యాన్‌ను, చిన్న ఎగ్జాస్ట్‌ను యూపీఎస్ మీదికి మార్చాలి. రెండూ కలిపి యాభై వాట్లు కూడా దాటవు. ఏసీకి ఆటో రీస్టార్ట్ ఉండాలి. ఏసీ ఆగి గది వేడెక్కితే ఎగ్జాస్ట్ దానంతట అదే మొదలయ్యేలా ఒక థర్మోస్టాట్ పెట్టాలి. ఎలక్ట్రీషియన్ ఒక పూట పని.

పెద్దవాళ్ళకూ ఈ దెబ్బ తప్పలేదు. 2022 జూలై 19న లండన్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గూగుల్, ఒరాకిల్ కేంద్రాల్లో కూలింగ్ చేతులెత్తేసింది. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల కంప్యూటర్లు ఆగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో ఎండకు ట్విట్టర్ ఒక డేటా సెంటర్‌నే కోల్పోయింది. 40 డిగ్రీలు లండన్‌కు విపత్తు, మనకు ఏప్రిల్. ఎండ కొత్తగా వచ్చిన ఊళ్ళ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. కూలింగ్ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగిన తర్వాత ఎంతసేపు నిలబడగలమన్నదే అసలు పరీక్ష.

దూది, దుమ్ము, బల్లి

ఇంటెల్ ప్రయోగంలో యంత్రాలు దుమ్మును తట్టుకున్నాయన్న మాట విని ఆదిలాబాద్ జిల్లాలో ఎవరూ ధైర్యపడనక్కర్లేదు. ఇది పత్తి నేల. కోతల కాలంలో, జిన్నింగు నడిచే రోజుల్లో గాలిలో తేలేది ఎడారి దుమ్ము కాదు, దూది పోగులు. సన్న దుమ్ము బోర్డు మీద పేరుకుంటుంది. దూది అయితే జాలీ మీద చాపలా అల్లుకుని గాలినే ఆపేస్తుంది. ఫిల్టర్ పెట్టామన్న తృప్తి మిగులుతుంది, గాలి మిగలదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి ఫిల్టర్ దులపాలి. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఎండాకాలంలో ఆగిపోయిన స్విచ్ విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది చలికాలంలో పేరుకున్న దూదే.

ఫ్యాన్ చప్పుడు వినడం కూడా ఒక పరీక్ష. కొత్త స్విచ్‌లు లోపలికి వచ్చే గాలి వేడిని బట్టి ఫ్యాన్ వేగం మార్చుకుంటాయి. నిన్నటిదాకా గుర్రుమన్న స్విచ్ ఇవాళ ఈల వేస్తోందంటే దారి ఎక్కడో మూసుకుందని అర్థం. ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, అది కూడా వేడే. జాలీలకు సన్న వల తప్పనిసరి. పవర్ సప్లైలో దూరిన బల్లి ఒక్కటి చాలు, ఏడాది జాగ్రత్తంతా బూడిద.

యంత్రం ఊళ్ళోకి వచ్చింది, గది రాలేదు

ఈ సమస్య కొత్తది కాదు. దీన్ని ఒకసారి మన దేశమే చక్కగా పరిష్కరించింది. 1984లో మొదలైన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ పల్లెల కోసం 128 లైన్ల టెలిఫోన్ ఎక్స్చేంజిని తయారు చేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అప్పటికి పట్నాల్లోకి వస్తున్న ఈ10బీ ఎక్స్చేంజిలకు ఏసీ హాళ్ళు కావాలి. సీడాట్ వాళ్ళు ఏసీ లేని గదిని, దుమ్మును, పోయి వచ్చే కరెంటును ముందే లెక్కలోకి తీసుకుని యంత్రాన్ని తయారు చేశారు. గదిని యంత్రానికి తగ్గట్టు మార్చమనలేదు, యంత్రాన్నే గదికి తగ్గట్టు మలిచారు.

ఇప్పుడు జరుగుతోంది దానికి తలకిందులు. 2011లో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తెచ్చింది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల వెంటే ఫైబర్ వేసి, 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ లాంటి ఊళ్ళలో ఇళ్ళకు కనెక్షన్లు మొదలుపెట్టింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, సబ్‌స్టేషన్లలో యంత్రాలు పెట్టింది. ఒకప్పుడు జిల్లా కేంద్రంలో ఏసీ గదిలో ఉండే యంత్రం పంచాయతీ ఆఫీసు బీరువా పక్కకు వచ్చింది. చాలాచోట్ల వచ్చింది మాత్రం పట్నం గదికి తయారైన యంత్రమే. మైనస్ 40 నుంచి 65 డిగ్రీల దాకా తట్టుకునే పారిశ్రామిక రకాలు బజారులో ఉన్నాయి, ధర ఎక్కువ. ఏసీ, దాని కరెంటు, రెండేళ్ళకే మార్చాల్సిన బ్యాటరీలు, వేసవిలో పోయే కనెక్షన్లు, ఇవన్నీ కలిపి చూస్తే ఆ ధర అంత ఎక్కువ కాదు. ఒక్క యంత్రమే ఉండే పంచాయతీ గదికి వేడి తట్టుకునే రకం కొనడమే న్యాయం. ఐదారు యంత్రాలుండే మండల కేంద్రపు గదికి గాలి దారి, ఎగ్జాస్ట్, ఏసీ కలిపిన ఏర్పాటు లాభం.

తేలిందేమిటి?

మూడు జవాబులకూ తీర్పు ఇది. ఏసీ కావాలన్నది ఇచ్చోడలో ఏడాదికి రెండు నెలలు నిజం, మిగతా కాలం కాదు. ఫ్యాన్ చాలన్నది గాలి యంత్రం గుండా పోతేనే నిజం. 45 డిగ్రీలు తట్టుకుంటుందన్న కాగితం ర్యాక్ ముందు గాలికి నిజం, వాతావరణ వార్తల్లో చెప్పే అంకెకు కాదు.

ఖర్చుకు వరస కూడా దీన్నిబట్టే. ముందు కొలవాలి. ప్రోబ్ ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను ర్యాక్ ముందు కింద, నడుమ, పైన పెట్టి ఎండ పూట చూడాలి. పైకీ కిందికీ ఐదు డిగ్రీలు మించి తేడా ఉంటే గాలి వెనక్కి తిరుగుతోందన్న మాట, ఏసీ పెంచితే తగ్గదు. తర్వాత తలుపు, మూత పలకలు, కంతలు. ఆ పైన డాబా మీద సున్నం, బ్యాటరీకి వేరే చోటు, ఫ్యాన్‌కు యూపీఎస్. ఇవన్నీ అయ్యాక, ఇంకా మధ్యాహ్నం పై అరలో 35 దాటుతుంటే అప్పుడు ఏసీ.

చివరిగా కొనే కాగితం మాట. ప్రభుత్వ కార్యాలయమైనా, సహకార బ్యాంకైనా, కేబుల్ ఆపరేటరైనా ర్యాక్ గది పనిని అప్పగించేటప్పుడు ‘టన్నున్నర ఏసీ ఒకటి, ర్యాక్ ఫ్యాన్లు రెండు’ అని సామాను జాబితా రాస్తారు. సామాను వస్తుంది, బిల్లు పాసవుతుంది, మేలో నెట్ బంద్ అవుతుంది. దాని బదులు ఒక్క వాక్యం రాస్తే చాలు: మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన అరగంట తర్వాత కూడా, ర్యాక్ పై అర ముందు గాలి 40 డిగ్రీలు దాటకూడదు, దాటితే చివరి వాయిదా డబ్బు ఇవ్వం. ఏసీ పెడతాడో, సున్నం వేస్తాడో, తలుపు మారుస్తాడో కాంట్రాక్టరే తేల్చుకుంటాడు. చవకైన మార్గం ఏదో అప్పుడు అతనే వెతుకుతాడు.